రొయ్యకి పీసీఆర్ తెలిసిన డెల్టాలో పందికి సీక్వెన్సింగ్ ఎందుకు

భీమవరం, ఆకివీడు, కాళ్ళ వైపు రొయ్యల రైతు ఎవర్ని కదిపినా పీసీఆర్ గురించి పావుగంట మాట్లాడతాడు. కరోనా వచ్చి ఊరందరి ముక్కులోకి పుల్ల దూర్చడానికి చాలా ఏళ్ళ ముందే ఇక్కడ సీడ్ కొనేవాళ్ళు "పీసీఆర్ చేయించారా, తెల్లమచ్చ నెగటివేనా, ఈహెచ్‌పీ (రొయ్యని ఎదగనీయని పరాన్నజీవి) కూడా చూశారా" అని హ్యాచరీ వాళ్ళని నిలదీసేవాళ్ళు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యని తెల్లమచ్చ వైరస్ ముంచేశాక వచ్చిన అలవాటు అది, డబ్బు పోయి నేర్చుకున్న సైన్సు. అదే కాలవ గట్టు మీద, అదే చెరువు పక్కన పెరిగే పంది చచ్చిపోతే మాత్రం ఎందుకు చచ్చిందో ఎవరూ అడగరు. వడదెబ్బ అంటారు, ఏదో తినకూడనిది తిన్నది అంటారు, పది చస్తే "పందుల జబ్బు వచ్చింది" అంటారు, అక్కడితో ఆ కథ అయిపోద్ది.

పంది శాంపిల్ ల్యాబ్ దాకా వెళ్ళినా అక్కడ జరిగేది ఎక్కువగా పీసీఆరే. పీసీఆర్ మంచి టెస్టే, చవక, ఫాస్ట్, వైరస్ చాలా తక్కువ ఉన్నా పట్టుకుంటది. కాకపోతే అది పేరు పెట్టి పిలిచే టెస్టు. ఫలానా వైరస్ జన్యువులో ఫలానా చోట ఉండే ఇరవై చిల్లర అక్షరాలకి అతుక్కునే ప్రైమర్ ని ముందే తయారుచేసుకోవాలి, ఆ అక్షరాలు ఉంటేనే పాజిటివ్. పిలిచిన పేరు గలవాడు లేకపోతే నెగటివ్, అంతే, పక్కన ఇంకెవడు కూర్చున్నాడో చెప్పదు. ఆ వైరస్ సరిగ్గా ప్రైమర్ అతుక్కునే చోటే మారిపోయి ఉన్నా నెగటివ్ రావచ్చు. ఈ సంగతి రొయ్యల రైతుకి కొత్తగా చెప్పక్కర్లేదు, తెల్లమచ్చ నెగటివ్ అని కాగితం చేతిలో పెట్టుకుని రోజూ కాస్త కాస్తగా చచ్చిన రొయ్యల్ని ఏరుకున్నవాళ్ళు డెల్టాలో బోలెడు మంది.

సీక్వెన్సింగ్, అందులోనూ మెటాజినోమిక్స్ అనేది, చెరువు పట్టుబడి లాంటిది. వల లాగితే రొయ్యతో పాటు పీతలు, పరిగెలు, నత్తలు, నాచు, ఎవరిదో చెప్పు, అన్నీ ఒడ్డుకి వస్తాయి, తర్వాత కూర్చుని ఏరుకోవాలి. పంది రక్తమో లాలాజలమో పేడో తీసుకుని అందులో ఉన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ మొత్తాన్ని (ఆర్ఎన్ఏ అయితే ముందు డీఎన్ఏగా మార్చి) ముక్కలుగా చదివేసి, ఆ ముక్కల్ని కంప్యూటర్ లో పెట్టి, ప్రపంచంలో ఇప్పటిదాకా చదివి దాచిన సీక్వెన్సులతో పోల్చి ఇది పందిది, ఇది బ్యాక్టీరియాది, ఇది ఫలానా వైరస్ ది, ఇది దేనికీ సరిగ్గా అతకట్లేదు కానీ ఫలానా కుటుంబానికి దగ్గరగా ఉంది అని విడదీస్తారు. ఆ చివరి మాట కోసమే ఇంత ఖర్చు, ఎందుకంటే పీసీఆర్ ఎన్ని వందల సార్లు చేసినా ఆ మాట చెప్పలేదు.

కష్టం ఏంటంటే వల్లో పడేది దాదాపు అంతా నాచే. పంది జన్యువు దగ్గర దగ్గర 270 కోట్ల అక్షరాలు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ది మహా అయితే 1.9 లక్షలు, అది వైరస్ లలో పెద్ద శాల్తీ కింద లెక్క. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ) వైరస్ ది 11 వేలు, పీసీవీ2 అనే సర్కోవైరస్ ది కేవలం 1,768. కాబట్టి పంది కండలోంచో ప్లీహంలోంచో తీసి చదివితే వచ్చే రీడ్స్ లో (చదివిన ముక్కల్లో) చాలా మటుకు పందివే ఉంటాయి, వైరస్ వి లక్షకి ఒకటో రెండో రావచ్చు, అసలు రాకపోవచ్చు. అందుకే వైరస్ తక్కువగా ఉన్న శాంపిల్ లో పీసీఆర్ పాజిటివ్ వచ్చి సీక్వెన్సింగ్ లో ఏమీ కనపడకపోవడం మామూలే. దీనికి మందుగా పంది డీఎన్ఏని ముందే తగ్గించడం, లేకపోతే వైరస్ కుటుంబాల ముక్కల్ని ఎరగా వేసి వాటికి అతుక్కున్నవాటినే లాగడం లాంటి పద్ధతులు ఉన్నాయి, ఎర వేస్తే మళ్ళీ కొంతవరకు పేరు పెట్టి పిలిచినట్టే అవుద్ది, అది వేరే సంగతి. మెషీన్ల విషయానికొస్తే గది నిండా ఉండే పెద్దవి ఉన్నాయి, 2014 నుంచి చేతిలో పట్టే నానోపోర్ పరికరం కూడా ఉంది, ల్యాప్‌టాప్ కి యూఎస్‌బీ వైరుతో తగిలించి డీఎన్ఏ పోగు సన్న రంధ్రంలోంచి వెళ్తుంటే కరెంటులో వచ్చే తేడాని బట్టి అక్షరాలు చదువుద్ది. చూడ్డానికి ముచ్చటగా ఉంటది, మనవాళ్ళు దాని ఫొటో పెట్టి ఇక పొలం గట్టునే అంతా అయిపోద్ది అన్నట్టు రాసేస్తారు గానీ శాంపిల్ శుభ్రం చేసే పని, ఐసు, రసాయనాలు, తర్వాత డేటా చూసే మనిషి, ఇవేవీ ఆ పరికరంలో రావు.

అసలు పేరు తప్పు పిలిస్తే ఏం జరుగుద్దో మలేసియాని చూస్తే తెలుస్తది. 1998 సెప్టెంబర్ లో ఇపో ఊరి చుట్టుపక్కల పందులు పెంచేవాళ్ళకి జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. పందులున్నాయి, దోమలున్నాయి, మెదడువాపు ఉంది, కాబట్టి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు, కొందరి టెస్టులు కూడా అలాగే వచ్చాయి. ఫాగింగ్ చేశారు, టీకాలేశారు. కానీ టీకా వేసుకున్నవాళ్ళూ పోతున్నారు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఎక్కువగా పట్టుకునే చిన్నపిల్లలు కాకుండా పందుల్ని చేత్తో పట్టుకునే పెద్దవాళ్ళు పోతున్నారు, పైగా ఆ పందులే గట్టిగా దగ్గుతూ రోగంతో ఉన్నాయి. ఈలోగా పందుల్ని వేరే రాష్ట్రాలకి అమ్మేశారు, జబ్బు వాటితో పాటే వెళ్ళింది. 1999 మార్చిలో చువా కా బింగ్ అనే వైరాలజిస్ట్ ఒక రోగి నుంచి వైరస్ ని వేరు చేశాక గానీ అది కొత్తదని తేలలేదు, సుంగై నిపా అనే ఊరి పేరు మీద నిపా అయ్యింది. 265 మందికి వస్తే 105 మంది చనిపోయారు, పది లక్షల పైన పందుల్ని చంపేశారు. అప్పట్లో మెటాజినోమిక్స్ లేదు, కణాల్లో పెంచి మైక్రోస్కోప్ లో చూసి తర్వాత జన్యువు చదివారు, అందుకే ఆర్నెల్లు. ఇవాళైతే మొదటి నాలుగైదు శాంపిల్స్ లోనే "ఇది జేఈ కాదు, ఇంకేదో పారామిక్సో వైరస్" (నిపా ఆ కుటుంబానిదే) అని కనపడే అవకాశం ఉంది, శాంపిల్ తీస్తే.

తెలుగు నేల మీద కూడా దీనికి దగ్గర కథ ఉంది, పందులతో సంబంధం లేనిదే అనుకోండి. 2003 వేసవి చివర్లో ఉమ్మడి ఆంధ్రలో పిల్లలకి మెదడువాపు వచ్చింది, 329 మందికి వస్తే 183 మంది పోయారు, అందరి నోటా మొదట వచ్చిన పేరు జపనీస్ ఎన్‌సెఫలైటిసే. తర్వాత పుణె వైరాలజీ సంస్థ వాళ్ళు వైరస్ ని వేరు చేసి జన్యువు ముక్కలు చదివి చాందీపురా అన్నారు, దోమ కాదు ఇసుక ఈగ మోసేది.

ఇక్కడే డెల్టాకి అసలు ఇబ్బంది. ఈ నేల జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కి కావలసినవన్నీ కలిసొచ్చిన నేల. ధవళేశ్వరం నుంచి కాలవలు, రెండు పంటల వరి, మడిలో నిలబడ్డ నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ, ఆ మళ్ళలోనే దిగే కొంగలు, కాలవ గట్టున పందులు. వైరస్ కొంగల్లో తిరుగుద్ది, దోమ దాన్ని పందికి తెస్తది, పంది ఒంట్లో అది బాగా పెరిగి మళ్ళీ దోమలకి ఎక్కుద్ది, అక్కణ్ణించి మనిషికి. మనిషిది దారి చివర, మనిషి రక్తంలో దోమకి అంటేంత వైరస్ ఉండదు. కాబట్టి ఇక్కడ పందులున్న చోట ఏ మెదడువాపు వచ్చినా ముందు జేఈ పేరే వస్తది, రావడం తప్పు కూడా కాదు, అయితే మలేసియాలో మొదట్లో జరిగింది కూడా అచ్చం అదే.

ఇంకో చిక్కు, పందికి జేఈ వచ్చినా పైకి పెద్దగా ఏం కనపడదు. చూడితో ఉన్న ఆడపందికి వస్తేనే తెలుస్తది, చచ్చిన పిల్లల్ని ఈనుద్ది, కొన్ని ఎండిపోయి నల్లగా ముడుచుకుపోయి పుడతాయి. ఆస్ట్రేలియాలో 2022 ఫిబ్రవరి, మార్చిల్లో సరిగ్గా ఇలాగే బయటపడింది, నాలుగు రాష్ట్రాల పందుల ఫారాల్లో చచ్చిన పిల్లలు పుడుతుంటే చూసి టెస్ట్ చేస్తే జేఈ, అంత దక్షిణాన అదుంటదని ఎవరూ అనుకోలేదు. జన్యువు చదివితే 4వ జీనోటైప్ అని తేలింది, ఆసియాలో ఎక్కువగా తిరిగే 1, 3 రకాలు కాదు. ఏ వైపు నుంచి వచ్చింది, ఉన్న టెస్టులు దాన్ని పడతాయా అనే ప్రశ్నలకి ఆ ఒక్క ముక్క దారి చూపించింది. రక్తం మీద ఆధారపడితే మాత్రం దొరకదు, పంది రక్తంలో ఈ వైరస్ మూడు నాలుగు రోజులే ఉంటది. టాన్సిల్స్ లో అయితే వారాలు ఉంటదని ప్రయోగాల్లో చూశారు. ఏ శాంపిల్ తీశారన్నది ఏ మెషీన్ కొన్నారన్నదానికంటే పెద్ద విషయం.

ఇక రైతుకి నేరుగా డబ్బుతో ముడిపడ్డ విషయం రెండు జ్వరాలది. క్లాసికల్ స్వైన్ ఫీవర్, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా ఒకటి 12 వేల అక్షరాల ఆర్ఎన్ఏ, ఇంకోటి దానికి పదిహేను రెట్లున్న డీఎన్ఏ, చుట్టరికం ఏమీ లేదు. (స్వైన్ ఫ్లూ అయితే ఈ రెండూ కాదు, పేపర్లలో కూడా కలిపేస్తుంటారు.) పందిని చూస్తే తేడా తెలీదు, రెండిట్లోనూ గట్టి జ్వరం, మేత మానేయడం, చెవులు పొట్ట ఎర్రబడి నీలంగా అవ్వడం, గుంపుగా చావడం. మొదటిదానికి టీకా ఉంది. రెండోది 2020లో అస్సాం, అరుణాచల్ లో దిగింది, మనిషికి రాదు గానీ పందిలో వందకి దాదాపు వందా పోతాయి, మన దేశంలో దానికి టీకా లేదు, తేలితే కిలోమీటరు లోపల పందులన్నిట్నీ చంపేయడం, పది కిలోమీటర్ల దాకా నిఘా. అంటే ల్యాబ్ కాగితం మీద రాసే ఒక్క మాట మీద ఎవరి దొడ్డి ఖాళీ అవుద్దో ఆధారపడి ఉంది. ఇంతవరకు పీసీఆర్ చాలు, నిజానికి పీసీఆరే మేలు, సాయంత్రానికి చెప్పేస్తది.

సీక్వెన్సింగ్ పని దాని తర్వాత. టీకా వేసిన పందిలో క్లాసికల్ పాజిటివ్ వస్తే అది టీకా వైరసా, బయట వైరసా? మన దగ్గర పాతకాలం నుంచి వాడే కుందేళ్ళలో పెంచిన టీకా బతికున్న వైరసే, 1.1 గ్రూపుది, ఈ మధ్య దేశంలో తరచుగా దొరుకుతున్న బయటి వైరస్ 2.2 గ్రూపుది, అక్షరాలు చదివితే తేలిపోద్ది. ఆఫ్రికన్ దాంట్లో అయితే ఇంకా ముదిరింది. దాన్ని రకాలుగా విడగొట్టేది పీ72 అనే ఒక్క జన్యువు ముక్కని బట్టి, జార్జియాలో 2007లో దిగి రష్యా, చైనా మీదుగా మన దాకా వచ్చింది 2వ రకం. చైనాలో 1వ రకం, 2వ రకం కలిసిపోయిన వైరస్ దొరికింది, ఆ ఒక్క జన్యువే చూస్తే 1వ రకం అనిపిస్తది, మొత్తం జన్యువు చదివితేనే కలగలుపు అని బయటపడుద్ది. మిజోరంలో 2013లో పీఆర్ఆర్ఎస్ (పందుల ఈతనీ ఊపిరినీ దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చినప్పుడు కూడా సీక్వెన్స్ చూసే, చైనాలో 2006 నుంచి పందుల్ని చంపుతున్న గట్టి రకానికి దగ్గరదని చెప్పగలిగారు. ఎటునుంచి వచ్చిందో తెలిస్తే ఎటు గేటు మూయాలో తెలుస్తది.

కొత్తవి దొరకడం అనే గొప్ప కూడా అబద్ధం కాదు. పుట్టగానే ఒళ్ళంతా వణికే పంది పిల్లల సంగతి 1922 నుంచి రాసి ఉంది, కారణం దొరకలేదు, 2015లో సీక్వెన్సింగ్ లో ఒక కొత్త పెస్టివైరస్ బయటపడి ఆ మరుసటి ఏడాదికి ఆ వణుకుతో దానికి సంబంధం తేలింది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ లో 2016 చివర నుంచి 24,693 పంది పిల్లలు విరేచనాలతో చనిపోతే తెలిసిన వైరస్ టెస్టులు ఆగిపోయిన చోట సీక్వెన్సింగ్ గబ్బిలాల కరోనాకి దగ్గరదాన్ని చూపించింది. 2022 జనవరిలో అమెరికాలో డేవిడ్ బెన్నెట్ అనే ఆయనకి పంది గుండె పెట్టారు గుర్తుందా, ఆ పందిని ఎన్నో జాగ్రత్తలతో పెంచి ముక్కు శాంపిల్స్ తీసి టెస్టులు చేసి క్లీన్ అన్నారు, ఆపరేషన్ అయ్యాక ఇరవయ్యో రోజు ఆయన రక్తంలో తేలే డీఎన్ఏ ముక్కలు చదివితే పంది సైటోమెగలోవైరస్ కనపడింది. ముక్కులో లేదు, లోపల నక్కి ఉంది. ఆయన రెండు నెలలు బతికారు. అంత ఖరీదైన పందికే అలా అయ్యింది.

అయితే కనపడ్డ ప్రతి వైరసూ జబ్బు కాదు, ఇది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. ప్రతి పంది జన్యువులోనూ పెర్వ్ అనే రెట్రోవైరస్ ముక్కలు ఎప్పటినుంచో కుట్టేసి ఉంటాయి, ఏ పందిని చదివినా అవి వస్తాయి, తెలియనివాడు చూస్తే కొత్త వైరస్ అని కంగారు పడతాడు. పీసీవీ2 నిక్షేపంగా తిరిగే పందుల్లోనూ దొరుకుద్ది. రసాయనాల్లోంచి, పక్క శాంపిల్ లోంచి నాలుగు ముక్కలు కలిసినా స్క్రీన్ మీద పేరు వచ్చేస్తది. అందుకని సీక్వెన్సింగ్ లో వచ్చిన పేరుకి మళ్ళీ పీసీఆర్ తోనే ఖాయం చేసుకుంటారు, చచ్చిన పందుల్లో ఎంతుంది, ఆరోగ్యంగా ఉన్నవాటిలో ఎంతుంది అని పోలుస్తారు. ఆ పోలిక లేకుండా లిస్టు ఇచ్చే రిపోర్టు కాగితం ఖర్చు దండగ.

పౌల్ట్రీ సంగతి కలుపుకుంటే డెల్టాలో దీనికి తొందర ఎందుకో తెలుస్తది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ భోపాల్ ల్యాబ్ లో ఖాయమయ్యింది, కోళ్ళు లక్షల్లో పోయాయి, చికెన్ షాపులు వెలవెలబోయాయి. పంది గొంతులో పక్షి ఫ్లూ అతుక్కునే కొక్కేలు, మనిషి ఫ్లూ అతుక్కునే కొక్కేలు రెండూ ఉంటాయి, ఫ్లూ జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటది, ఒకే పందిలో రెండు ఫ్లూలు కలిస్తే ముక్కలు మారిపోవచ్చు. 2009 స్వైన్ ఫ్లూ అలాంటిదే, దాని ముక్కలు ఏళ్ళ తరబడి పందుల్లో తిరిగాయి, ఎవరూ చదవలేదు కాబట్టి మనుషులకి వచ్చాకే తెలిసింది. 2024 అక్టోబర్ లో అమెరికాలోని ఒరెగాన్ లో ఒక పెరటి దొడ్డిలో కోళ్ళూ పందులూ ఒకే నీళ్ళు తాగుతుంటే పందులకి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చింది, సీక్వెన్స్ చూస్తే అది అప్పట్లో అక్కడి ఆవుల్లో తిరుగుతున్న రకం కాదు, వలస పక్షుల నుంచి వచ్చినది. కొల్లేరుకి ఏ పక్షులు ఎక్కణ్ణించి వస్తాయో, కోళ్ళ ఫారం వెనక చచ్చిన కోళ్ళని ఎవరి పందులు తింటాయో తెలిసినవాళ్ళకి ఈ ఒరెగాన్ కథ దూరంగా అనిపించదు.

మరి ఇక్కడ ఎలా చేయాలి అంటే ప్రతి పందికీ సీక్వెన్సింగ్ అనే మాట అర్థం లేనిది. షెడ్డులో కట్టి పెంచే సీమపందులకి తేలిక దారి ఉంది, నూలు తాడు వేలాడదీస్తే పావుగంట అరగంట నములుతాయి, ఆ తాడు పిండితే ఒక గదిలో ఉన్న పందులన్నిటి లాలాజలం ఒకే సీసాలో వస్తది, సూది లేదు పట్టుకునే గొడవ లేదు. కాలవ గట్టున వదిలేసిన ఊరపందులకి ఇది కుదరదు. వాటిని పెంచేవాళ్ళు ఎక్కువగా ఎరుకల, యానాది కుటుంబాలు, పందే వాళ్ళ బ్యాంకు. మునిసిపాలిటీ పందుల్ని పట్టే లారీ వచ్చినప్పుడు తప్ప ఆఫీసు మనిషి మొహం చూడనివాళ్ళు, పంది చస్తే శాంపిల్ తీయించండి, పాజిటివ్ వస్తే మిగతావి చంపేస్తాం అంటే ఎవరు చెప్తారు? రాత్రికి రాత్రి చచ్చినదాన్ని కాలవలోకి తోసేస్తారు, బతికున్నవాటిని పక్క మండలంలో అమ్మేస్తారు, మలేసియాలో జరిగిందీ అదే. పరిహారం ఎంత, ఎన్ని రోజుల్లో చేతికొస్తది అన్నది ముందు తేలకపోతే ఎంత మంచి మెషీన్ పెట్టినా దానికి శాంపిల్ రాదు. హోటల్ కుడితి ఉడకబెట్టకుండా పోయడం ఆపించడం కూడా దానికంటే చవకైన పని, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మాంసం ముక్కల్లో కూర్చుని ఆ కుడితి లోంచే తిరుగుద్ది.

కాస్త ఆశ ఉన్న చోటు ఆదివారం పందిమాంసం కోసే కొట్లు. నాలుగు ఊళ్ళ పందులు, షెడ్డువీ గట్టువీ అన్నీ అక్కడికి చేరతాయి, కోసేవాడికి టాన్సిల్ ముక్కకి, కాస్త రక్తానికి చిన్న మొత్తం ఇస్తే ఎవరి పంది అని రాసుకోకుండానే ఊళ్ళవారీగా కలిపి ఐసులో పంపొచ్చు. పేరు లేకపోతే భయం లేదు, అయితే పాజిటివ్ వస్తే వెనక్కి వెళ్ళి ఎవరిదో వెతకడం కష్టం, ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. ఇంకోటి క్యాలెండర్ చూసుకోవాలి. వర్షాల తర్వాత వరి పొట్టకొచ్చే రోజుల్లో దోమ ఎక్కువ, జేఈ వెతకాల్సింది అప్పుడే, సరిగ్గా అప్పుడే కార్తీకం వచ్చి నెల్లాళ్ళు మాంసం అమ్మకాలు పడిపోతాయి. క్రిస్మస్ కి మళ్ళీ కొట్లు కళకళలాడతాయి గానీ అప్పటికి కోతలైపోయి మళ్ళు ఎండి ఉంటాయి, అందుకే ఆ శాంపిల్స్ దసరాలోపే ఐసు పెట్టెలో పడాలి.